పెంట అంటే ఊరు

మైదానంలో పెంట అంటే చెత్తకుప్ప. నల్లమల కొండలెక్కితే పెంట అంటే ఊరు. అప్పాపూర్ పెంట, రాంపూర్ పెంట, ఈర్లపెంట, శ్రీశైలం పక్కన సున్నిపెంట... ఈ అడవిలో తరతరాలుగా బతికే చెంచులు తమ ఊరిని గౌరవంగా పిలుచుకునే పేరది. మనమే ఆ మాటను హీనం చేసుకున్నాం.

పది గుడిసెలు, ఒక్కోచోట అవీ ఉండవు. చుట్టూ వెదురు తడిక, పైన గడ్డి కప్పు. ఇంత చిన్న ఊళ్లు ఇంత దూరదూరంగా ఎందుకు వెలిశాయో తెలియాలంటే వేసవిలో అమ్రాబాద్ పీఠభూమి మీది వాగులు చూడాలి. కృష్ణ ఎక్కడో లోయలో పారుతుంది. పైన రాతినేల, ఎండిన వాగు. ఇసుక తోడి చెలమ తీస్తే కాసిని నీళ్లు ఊరతాయి. ఆ చెలమ ఎన్ని కడవలు నింపుతుందో అన్ని ఇళ్లే అక్కడ నిలుస్తాయి. గడ్డలకీ, తేనెకీ, ఇప్పపువ్వుకీ అదే లెక్క. పూర్వం నీళ్లు తగ్గితే పెంటే లేచి ఇంకోచోటికి పోయేది.

కొండచరియకు పట్టిన పెరతేనె తీసేటప్పుడు తాడు కట్టుకుని ఒకడు లోయలోకి దిగుతాడు. పైన ఆ తాడు పట్టుకునేది అన్నదమ్ములు కాదు, బావమరిది. తన అక్కచెల్లెలి పసుపుకుంకుమలు తన చేతిలో ఉన్నాయి కాబట్టి అతడు పట్టు వదలడని నమ్మకం. తేనెపట్టు మొత్తం కోయరు, కొంత ఈగలకు వదిలేస్తారు.

ఈ బతుకును దగ్గరుండి చూసి మొదట వివరంగా రాసినవాడు ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్. రెండో ప్రపంచయుద్ధం వల్ల హైదరాబాదు రాజ్యంలో ఉండిపోయి, చెంచుల మధ్య తిరిగి, 1943లో పుస్తకం వేశాడు. ఆయన సిఫారసు మీదే నిజాం ప్రభుత్వం అమ్రాబాద్ అడవిలో సుమారు లక్ష ఎకరాలు చెంచులకు కేటాయించింది. 1983లో అదే అడవి పులుల అభయారణ్యంలో భాగమైంది. రాష్ట్ర విభజన తరవాత తెలంగాణ భాగం అమ్రాబాద్ పేరుతో వేరుపడింది, 2,611 చదరపు కిలోమీటర్లు. పెంటల్ని బయటికి తరలించాలన్న మాట వినబడుతూనే ఉంది. పులితో తరతరాలుగా పొత్తుగా బతికినవాళ్లను పులి కోసం లేవమనడం నాకు న్యాయంగా తోచదు. వెళ్తామో ఉంటామో చెప్పాల్సింది వాళ్లు. 2006 అటవీ హక్కుల చట్టం కూడా గ్రామసభ ఒప్పుకోనిదే కదిలించవద్దంటోంది.

చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు వేలమందిమి ఈ అడవిలో నడుస్తాం. ఈసారి వెళ్తే ప్లాస్టిక్ సీసాలు వాగుల్లో పడేయకండి. ఆ నీళ్లు తాగే ఇళ్లు అక్కడే ఉన్నాయి.