పెద్దకర్మ అయ్యాక మిగిలినవి

పరవాడ మెయిన్‌రోడ్డు దిగి సందులోకి తిరిగారు. డాబాల పైనుంచి సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం చిమ్నీలు కనిపిస్తున్నాయి. మీకోసం పీట వాల్చి, "కూకో బాబూ" అంటూ ఆవిడ ట్రంకుపెట్టె మూత తీసింది. కలరా ఉండల ఘాటు గుప్పుమంది.

భర్త బట్టలు పెద్దకర్మ నాడే ఇచ్చేశారు. ఆనవాయితీ అది, ఎవరూ కాదనలేరు. ఒక్క గళ్ల లుంగీ మాత్రం ఆవిడ బియ్యం డబ్బా వెనక దాచుకుంది.

పైన పచ్చ హెల్మెట్. చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. లోపలి పట్టీ నల్లబడింది, దాని మీద చెమట ఆరి ఉప్పు తెల్లగా గీత కట్టింది. కడగలేదేమని మీ నోటిదాకా వచ్చేలోపే ఆవిడే అంది: "కడిగితే ఆయన సెమట పోదేటి?"

ఆ చెమట విశాఖ స్టీల్‌ప్లాంట్‌ది. అక్కడి బ్లాస్ట్ ఫర్నేసులకి నదుల పేర్లూ ఉన్నాయి: గోదావరి, కృష్ణ. "గోదారి కాడ డ్యూటీ" అని చెప్పి సీ షిఫ్టుకి రాత్రి పదికల్లా అక్కడుండేవాడు. కొత్త పెళ్లికూతురిగా ఆవిడ నిజంగానే ఏటి గట్టనుకుందట. చెబుతూ నవ్వింది. నవ్వు ఆగేలోపే పైట కళ్లకి అడ్డం వెళ్లింది.

అడుగున ప్లాస్టిక్ కవర్లో మడతలు నలిగిన జిరాక్సు. నిర్వాసితుల ఆర్ కార్డు. నన్నడిగితే పెట్టె మొత్తంలో బరువైనది ఈ కాగితమే. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసేనాటికి ఆయన నిక్కర్ల పిల్లాడు. తర్వాత ఫ్యాక్టరీకి భూములు పోయాయి, ఊరు లేచిపోయింది. కార్డు మీద ఉద్యోగం వచ్చింది. కార్డున్నా ఉద్యోగం అందని కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. "మా ఊరి మీదే డ్యూటీ సేస్తన్నాను" అనేవాడట. ఆ ఊరి పేరు ఇప్పుడు ఆవిడ దగ్గర ఈ జిరాక్సులోనే ఉంది. చదువు రాదు గానీ, ఏ వరుసలో ఉందో వేలు పెట్టి చూపిస్తోంది. వేలు అక్కడే కాసేపు ఆగింది.

పాత ఇనుము కింద హెల్మెట్‌తో పాటు కేరేజీ కూడా వేసేద్దామన్నాడు కొడుకు. ఆ పూటంతా ఆవిడ అన్నం ముట్టలేదు. ఆ నాలుగు గిన్నెల స్టీలు కేరేజీ ఇప్పుడు కోడలితో ఫార్మా సిటీకి వెళ్తోంది.

బయట కంపెనీ బస్సు హారన్ కొట్టింది. కోడలు గబగబా గిన్నెలు పేరుస్తోంది. ఆవిడ పెట్టె అలాగే వదిలేసి లేచింది: "మాగాయ పైగిన్నెలో ఎట్టకే, నూని కారిపోద్ది. మీ మావయ్య రోజూ సెప్పీవోడు."