దళితుల దుకాణం: పెట్టుబడి, పరపతి, బజారు

పంజగుట్ట నుంచి అమీర్‌పేట మీదుగా బేగంపేట దాకా ఒకసారి నడిచి చూడండి. బంగారం దుకాణాలు, బట్టల షాపులు, హోటళ్లు, కోచింగ్ సెంటర్లు. చాలా బోర్డుల మీద యజమాని కులం ఇంటిపేరుగానో తోకగానో దర్జాగా నిలబడి ఉంటుంది. అదే ఫుట్‌పాత్ మీద గొడుగు కింద చెప్పులు కుట్టే మనిషికి బోర్డు లేదు. ఆయన కులం చెప్పడానికి బోర్డు అక్కర కూడా లేదు. ఆ షాపుకూ ఈ గొడుగుకూ మధ్య నాలుగడుగుల దూరమే ఉంది గానీ, దాన్ని కొలవాలంటే చరిత్రలోకి పోవాలె.

దళితులకు వ్యాపారం చేతకాదనేది పాత మాట. ఈ మాట అనేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. మోట బొక్కెన, తాళ్లు, చెప్పులు చేసింది మాదిగలు. ముతక బట్ట నేసింది మాలలు. ఊరి ఉత్పత్తిలో సగం బరువు వెలివాడే మోసింది. అయితే చేసిన సరుకుకు దక్కింది ధర కాదు, కళ్లం కాడ కొలిచిన గింజలు. గింజలు కడుపు నింపుతాయి గానీ పెట్టుబడిగా మారవు. సరుకు బజారుకు వచ్చింది, చేసినవాడు ఊరి బయటనే ఉండిపోయాడు.

ఈ నగరంలో దళితులు కూడబెట్టుకున్న మొదటి సామూహిక పెట్టుబడి దుకాణంలోకి పోలేదు, బడిలోకి పోయింది. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు. 1911లో మన్య సంఘం, ఆ తర్వాత ఆది హిందూ ఉద్యమం. బడులు నడిపారు, జోగినీ ఆచారం మీద, తాగుడు మీద పోరాడారు. రాయ్ బాలముకుంద్ వంటి పై కులాల సంస్కర్తలూ కలిసివచ్చారు. ఆ తరం పెద్దలు చేసింది తప్పని మేము అనడం లేదు. అక్షరమే అందనివాడికి లెక్కల పుస్తకం ఎక్కడిది? కాని ఆ దారి మనల్ని నౌకరీ గుమ్మం దాకా తెచ్చింది, బజారు గుమ్మం దాటించలేదు.

ఇక్కడికి కూతవేటు దూరంలో, యూసుఫ్‌గూడలో, 1962లో చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ వచ్చింది. మొదట సియెట్ అన్నారు, ఇప్పుడు నిమ్స్‌మే. 1964లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లెలాండ్ కాకినాడ వ్యాపారులను ఇక్కడికి రప్పించి ‘సాధన ప్రేరణ’ శిక్షణ ఇప్పించాడు. సాధించాలనే పట్టుదల పెంచితే వ్యాపారం పెరుగుతుందనేది ఆయన సిద్ధాంతం. శిక్షణ పొందినవాళ్లు తర్వాత చురుగ్గా పనిచేశారని రాశాడు. అదే తరహా శిక్షణను కొన్నేళ్లకు వాషింగ్టన్‌లో నల్లజాతి వ్యాపారులకూ ఇచ్చారు.

మనం అడగవలసింది ఇక్కడే. పట్టుదల ఉన్నవాడికి షాపు కిరాయికి ఇచ్చేదెవరు? ఇంటిపేరు విన్నాక కూడా ఇచ్చేదెవరు? తెలుగులో పరపతి అంటే అప్పూ, పలుకుబడీ రెండూ. సేటుకు మాట మీద సరుకు దొరుకుతుంది, మామయ్యో బావమరిదో పూచీ ఉంటాడు. దళితుడికి ఆ పూచీ ఇచ్చే చుట్టం బజారులో లేడు. టిఫిన్ సెంటర్ పెడితే, వండింది ఎవరని ఆరా తీసే గిరాకీ వేరే బాధ. ఆ బాధకు ప్రేరణ శిక్షణ మందు కాదు.

నల్లజాతి వాళ్ల చరిత్ర మనకు ఇక్కడ పనికొస్తుంది. 1900లో బుకర్ టి. వాషింగ్టన్ నీగ్రో బిజినెస్ లీగ్ పెట్టాడు. సొంత దుకాణాలతోనే గౌరవం వస్తుందన్నాడు. 1921లో టల్సా పట్నంలో బాగా నిలదొక్కుకున్న నల్లవాళ్ల గ్రీన్‌వుడ్ పేటను తెల్లమూక తగలబెట్టింది. రాజకీయ బలం లేని సంపదకు రక్షణ లేదని ఆ బూడిద చెప్పింది. 1973లో అట్లాంటా మేయరుగా గెలిచిన మేనార్డ్ జాక్సన్ ఇంకో దారి పట్టాడు. కొత్త విమానాశ్రయం కాంట్రాక్టుల్లో నాలుగో వంతు మైనారిటీ సంస్థలకు దక్కాలని పట్టుబట్టాడు, సాధించాడు. అప్పు ఇప్పించడంతో ఆగలేదు, కొనే చేతిని కదిలించాడు.

మన బేగంపేట విమానాశ్రయంలో 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయి శంషాబాద్‌కు పోయాయి. అంత పెద్ద కట్టడంలో దళిత సంస్థల వాటా ఎంతని అడగడానికి అప్పటికి కేంద్ర కొనుగోళ్లలో సైతం అలాంటి ఉత్తర్వు లేదు. 2002 భోపాల్ డిక్లరేషన్ ఈ డిమాండ్‌ను ముందుకు తెచ్చింది. 2005లో మిలింద్ కాంబ్లే పుణెలో దళిత పారిశ్రామికుల సంఘం డిక్కీ స్థాపించాడు. 2012లో వచ్చిన ఉత్తర్వు కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థల కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి ఉండాలన్నది. ఏళ్ల తరబడి ఆ 4 శాతం కాగితం మీదనే మిగిలింది. ప్రైవేటు కంపెనీలకైతే ఆ కాగితం కూడా లేదు.

రాష్ట్రంలో 2014లో టీ-ప్రైడ్ వచ్చింది. 2021 ఆగస్టులో హుజూరాబాద్‌లో దళిత బంధు మొదలైంది. కుటుంబానికి 10 లక్షలు, బ్యాంకు మెలిక లేకుండా. పూచీకత్తు అడగని పైసలు మన చరిత్రలో అరుదు, ఆ మేరకు అది పెద్ద అడుగే. కాని ఉపఎన్నిక నీడలో పుట్టిన పథకం 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక ముందుకు సాగలేదు. పైగా ఎక్కువమంది ట్రాక్టర్లు, కార్లు కొన్నారు. పెట్టుబడి వచ్చింది, బజారు రాలేదు. ఒకే ఊరిలో అన్ని బండ్లకు కిరాయిలెక్కడివి?

‘వ్యాపారమే విముక్తా?’ అని మా మిత్రులు కొందరు నిలదీస్తున్నారు. నిలదీయాల్సిందే. 1938లో మన్మాడ్‌లో అంబేద్కర్ కార్మికులకు ఇద్దరు శత్రువులని చెప్పాడు: బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం. పదిమంది దళిత కోటీశ్వరుల ఫొటోలు చూపి భూమి ప్రశ్నను, కూలి ప్రశ్నను దాచేస్తే మేము ఒప్పుకోం. అయితే బజారును పూర్తిగా పై కులాలకు వదిలేయడం కూడా లొంగుబాటే. నౌకరీలు ప్రైవేటులోకి పోతున్న కాలంలో మన పిల్లలు అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల మెట్ల మీద ఎన్నాళ్లు కూర్చోవాలె?

అందుకే సంఘాలు, విద్యార్థులు, ఉద్యోగులు, ఉపాధ్యాయులు చేయగలిగిన పని ఉంది. మీ ఆఫీసు క్యాంటీన్ టెండరు, కాలేజీ యూనిఫారాలు, సంఘం సభల భోజనాలు, కరపత్రాల అచ్చుపని ఎవరికి పోతున్నాయో లెక్క తీయండి. ఉద్యోగం వచ్చిన దళితుడు బస్తీలోని తోటివాడికి పూచీ నిలబడగలడా? 4 శాతం లెక్కను సమాచార హక్కు కింద అడగగలమా? భాగ్యరెడ్డి వర్మ తరం బడి కోసం చందా వేసుకున్నది. మన తరం కొనుగోలును చందాగా మార్చాలె. గొడుగు కింది మనిషికి బోర్డు వచ్చే రోజున, దాని మీద ఆయన తన పేరు దాచుకోకుండా రాసుకోగలగాలె.