పొట్ట తడిమి చూసే వైద్యం

జపాన్‌లోని నారా నగరంలో, తోదైజీ మహాబుద్ధుడి ఆలయం వెనక షోసోయిన్ అనే కొయ్య భాండాగారం ఉంది. 756లో షోము చక్రవర్తి చనిపోయిన 49వ రోజున ఆయన భార్య కోమ్యో 60 రకాల మందులను 21 పెట్టెల్లో సర్దించి బుద్ధుడికి సమర్పించింది. ఆ జాబితా ఇప్పటికీ ఉంది. అందులో కస్తూరి, రేవల్చిని, అతిమధురం, జిన్సెంగ్, దాల్చినచెక్కతో పాటు మన వంటింటికీ పెరటికీ తెలిసిన మిరియాలు, పిప్పళ్లు, కరక్కాయ కూడా ఉన్నాయి. దేవుడికిచ్చారు కదా అని తాళం వేసి ఊరుకోలేదు. జబ్బుపడ్డవాళ్లకు అవసరమైతే ఆలయ పెద్దల అనుమతితో తీసి వాడుకోవచ్చని అదే పత్రంలో రాశారు. ఏ మందు ఎప్పుడు బయటికి తీశారో తెలిపే లెక్కలూ దొరికాయి. 1948లో అసాహినా యాసుహికో నాయకత్వంలో శాస్త్రవేత్తలు మిగిలిన సరుకును పరీక్షించారు. దాదాపు పన్నెండు వందల ఏళ్ల నాటి అతిమధురంలో దానికి తీపినిచ్చే గ్లిసిరైజిన్ అప్పటికీ ఉంది.

జపాన్ వాళ్ల ఈ మూలికావైద్యం పేరు కాంపో. పుట్టిల్లు చైనా. కొరియా వైద్యుల వెంట, బౌద్ధ భిక్షువుల వెంట, రాయబారుల ఓడల్లో పుస్తకాలుగా జపాన్‌కి చేరింది. 984లో తాంబా నో యాసుయోరి అనే ఆస్థాన వైద్యుడు చైనా గ్రంథాలను వడపోసి ‘ఇషింపో’ పేరుతో 30 సంపుటాలు కూర్చాడు. జపాన్‌లో ఈనాటికి నిలిచిన వైద్యగ్రంథాల్లో అదే పాతది. అయితే ఇదంతా తెచ్చుకున్న విద్యే. అది జపాన్ సొంత విద్య కావడానికి ఇంకా ఏడెనిమిది వందల ఏళ్లు పట్టింది. ఆ మార్పు తెచ్చినవాళ్లలో నాకు ముందుగా గుర్తొచ్చేది యోషిమాసు తోదో.

తోదో (1702–1773) క్యోటో చేరిన కొత్తలో వైద్యం మీద పూట గడవక బొమ్మలు చేసి అమ్ముకుని బతికాడు. యమావాకి తోయో అనే పెద్ద వైద్యుడు అతని ప్రతిభ గుర్తించాక దశ తిరిగింది. యిన్ యాంగ్ సిద్ధాంతాలను, కంటికి కనబడని శక్తుల లెక్కలను అతను పక్కన పెట్టేశాడు. సుమారు క్రీ.శ. 200 నాటి చైనా వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ యోగాలను, అంటే మూలికల కలయికలను, మాత్రం తీసుకుని, ఏ లక్షణానికి ఏ యోగం పనిచేసిందో వరసగా పేర్చాడు. నాడి కంటే పొట్టకే ఎక్కువ విలువిచ్చాడు. వేలికి తగిలేదే నిజమన్నది అతని పట్టుదల.

నేటికీ కాంపో తెలిసిన డాక్టరు రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు బారుగా చాపమంటాడు. మామూలు పరీక్షలో మోకాళ్లు మడవమంటారు, ఇక్కడ మడవరు. పక్కటెముకల అంచు కింద వేళ్లు పెట్టి మెల్లగా నొక్కుతాడు. అక్కడ బిగుతుగా అడ్డు తగిలితే బ్యూప్లూరమ్ వేరు కలిసిన యోగాల వైపు ఆలోచన పోతుంది. పొట్ట పైభాగం తట్టినప్పుడు నీళ్లు కదిలిన చప్పుడు వస్తే దారి వేరు. బొడ్డు పక్కన నొక్కినప్పుడు నొప్పి పెడితే ఇంకోటి. ఒకే జలుబుకి ఇద్దరికి రెండు మందులు రావడం అందుకే. చైనా తల్లివేరే అయినా, పొట్ట పరీక్షను ఇంత సూక్ష్మంగా పెంచుకున్నది జపానే.

వకాయామా ప్రాంతపు పల్లెటూరి వైద్యుడు హనఓకా సెయిషు ఈ విద్యకు ఐరోపా శస్త్రచికిత్సను జోడించాడు. ఏళ్ల తరబడి మూలికలు కలిపి చూసి ఒక మత్తుమందు తయారుచేశాడు. దానికి ప్రాణం ఉమ్మెత్త, వత్సనాభి. రెండూ మోతాదు తప్పితే చంపేవే. ఆ ప్రయోగాలకు తల్లీ భార్యా తమ శరీరాలిచ్చారని, భార్య కాయె చూపు పోగొట్టుకుందని చెబుతారు. 1804 అక్టోబరు 13న కాన్ అనే 60 ఏళ్ల స్త్రీకి ఆ కషాయం తాగించి, పూర్తిగా మత్తులో ఉండగా రొమ్ము క్యాన్సర్ గడ్డ తీశాడు. అమెరికాలో ఈథర్ మత్తుతో జనం ముందు ఆపరేషన్ చేసి చూపింది 1846లో. కాన్ కొన్ని నెలలకే చనిపోయింది. కానీ ఆ తర్వాత 150కి పైగా రొమ్ము క్యాన్సర్ రోగులు అతని దగ్గరికి వచ్చారు. ఇంత గొప్ప విద్యను శిష్యులు బయటపెట్టకుండా కట్టడి చేయడం మాత్రం నాకు బాధ కలిగిస్తుంది. లోకానికి దక్కాల్సిన నలభై ఏళ్లు అక్కడే ఆగిపోయాయి.

అతని పేరుతో ముడిపడ్డ లేపనం మాత్రం దాగలేదు. షియున్‌కో అంటారు. నువ్వుల నూనె కాచి, తేనెమైనం, కాస్త పందికొవ్వు కరిగించి, రెండు రకాల వేర్లు వేస్తారు. ఒక వేరు నుంచి దిగే ఊదారంగు నూనెంతా పాకుతుంది. కాలిన గాయాలకి, పగుళ్లకి రాస్తారు. బట్టకంటితే మరక వదలదు.

పట్నాల్లో పండితులు వాదించుకుంటుంటే, మారుమూల ఇళ్లకు మందు మోసింది తొయామా వర్తకులు. వెదురు, విల్లో బుట్టలు వీపున కట్టుకుని ఊరూరా తిరిగి, ఇంటికో మందులపెట్టె వదిలి వెళ్లేవాళ్లు. డబ్బు అడిగేవాళ్లు కాదు. మళ్లీ ఏడాదికో ఆర్నెల్లకో వచ్చి, వాడినవాటికే లెక్కగట్టి తీసుకుని, ఖాళీలు నింపేవాళ్లు. ఏ ఇంట్లో ఎవరెవరున్నారు, ఏ మందు ఎక్కువ వాడతారు అన్నది వాళ్ల చిట్టాపుస్తకంలో ఉండేది. ఆ పుస్తకాన్నే ఆస్తిగా అమ్ముకునేవాళ్లు కూడా. పిల్లలకు కాగితపు బుడగలు పంచేవాళ్లు.

మెయిజీ ప్రభుత్వం వచ్చాక గాలి మారింది. సైన్యానికి గాయాలు కుట్టేవాళ్లు కావాలి, కలరాను ఆపేవాళ్లు కావాలి. జర్మన్ వైద్యాన్ని ఎంచుకున్నారు. 1883 నిబంధనలతో డాక్టరు కావాలంటే పాశ్చాత్య వైద్యంలో పరీక్ష పాసవ్వాల్సిందే. కాంపో వైద్యులు చట్టం మార్పించబోయారు కానీ 1895లో ఆ బిల్లు పార్లమెంటులో వీగిపోయింది. అంతకు ముందు ఏడాదే వాళ్ల పెద్దదిక్కు అసాదా సోహాకు కన్నుమూశాడు. మందు నిషేధం కాలేదు, కొత్త వైద్యుల దారి మూసుకుంది. ఇంతలో ఆ మూలికలనే ప్రయోగశాల అందుకుంది. బెర్లిన్‌లో చదివొచ్చిన నాగాయి నాగయోషి 1885లో ఎఫెడ్రా నుంచి ఎఫెడ్రిన్‌ని వేరుచేశాడు.

మళ్లీ పుంజుకోవడానికి కారణం కొందరు డాక్టర్ల మొండితనం. పాశ్చాత్య వైద్యం చదివి, రోగుల మంచాల దగ్గర అది చాలక, పాత పుస్తకాలు తెరిచినవాళ్లు వాళ్లు. ఒత్సుకా కెయిసెత్సు అందులో ముఖ్యుడు. 1950లో వాళ్ల సొసైటీ ఏర్పడింది. 1967లో నాలుగు యోగాలకు ఆరోగ్యబీమా దక్కింది. 1976లో ఆ బీమా జాబితా ఒక్కసారిగా పెరిగింది. నేడది 148. అందులో 147 కషాయసారాలు, మిగిలిన ఒక్కటీ షియున్‌కో. మన దేశంలో ఆయుర్వేదానికి వేరే కాలేజీ, వేరే పట్టా. జపాన్‌లో ఎక్స్‌రే చూసే డాక్టరే కక్కోంతో పొట్లం కూడా రాస్తాడు. కుడ్జు తీగ దుంప, ఎఫెడ్రా, రేగుపండు, దాల్చిన, పియోనీ వేరు, అతిమధురం, అల్లం కలిసిన ఈ జలుబు మందు అక్కడ అందరికీ ఎంత తెలుసంటే, ఏ రోగానికైనా దాన్నే ఇచ్చే వైద్యుడి మీద రకుగో అనే హాస్య కథాప్రదర్శనలో ఒక కథ ఉంది.

ఒకే గదిలో రెండు వైద్యాలు ఉండడం వల్ల తప్పు కూడా త్వరగా పట్టుబడింది. కాలేయ రోగులకు విరివిగా ఇచ్చిన షో-సైకో-తో అనే కాంపో యోగం వల్ల కొందరికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. 1994లో దాన్ని ఇంటర్ఫెరాన్‌తో కలిపి ఇవ్వొద్దన్నారు. మరణాలు బయటపడ్డాక 1996లో హెచ్చరికలు ఇంకా కఠినం చేశారు. మూలిక కాబట్టి హాని ఉండదన్న ధీమా జపాన్‌లో ఆనాడు బాగా సడలింది. అతిమధురం ఎక్కువైతే రక్తంలో పొటాషియం పడిపోయి, రక్తపోటు పెరిగి, కండరాలు నీరసిస్తాయి. 148లో సగానికి పైగా యోగాల్లో అది ఉంది. అందుకే రెండో కాంపో పొట్లం రాసే ముందు, మొదటిదాంట్లో అతిమధురం ఎన్ని గ్రాములుందో డాక్టరు కూడి చూసుకోవాలి.