బండి ఎత్తు - మలుపులో నిలకడ

గరిమనాభి ఎంత క్రిందనున్న, మలుపులో బండికి అంత నిలకడ. 1804లో లండనులో ఒబదయా ఇలియట్ కొత్త కమానుకు పేటెంటు పొందెను. దానితో గుర్రపుబండ్ల అడుగున పొడవాటి దూలము అక్కరలేక, పెట్టె క్రిందికి దిగెను. 1922లో ఇటలీవారి లాన్సియా లాంబ్డా కారు, చట్రము వేరుగా లేకపోవుటచే, మరింత దిగెను.

సింగరేణిలో ఓపెన్‌కాస్టు తవ్వకము 1975లో ఆరంభమైనది. గోదావరిఖని గనులలో తిరుగు డంపరును ఇట్లు దించుటకు వీలులేదు. రాళ్లు అడుగుభాగమునకు తగులును. కనుక దాని చక్రముల నడుమ వెడల్పు ఎక్కువ. మలుపులో దారి వెలుపలి అంచును ఎత్తుచేయుదురు.

పికప్ బండి కమానులను దించిన నిలకడ కొంత పెరుగును. కాని బరువు నింపినప్పుడు కమాను ఊగుటకు చోటు చాలక ఇరుసు చట్రమునకు కొట్టుకొనును. బండిని ఎంత దించినను, వేగము రెట్టింపైన వెలుపలికి నెట్టు బలము నాలుగింతలగును. మలుపులో ప్రాణము కాపాడునది ముందుగా వేగము తగ్గించుటయే.