ఆలయ నిర్మాణమున ఆపన్నివారణ: ఇంజినీరింగు విద్యార్థులకు ఒక చరిత్ర పాఠము



కుంభాభిషేక సంచికలో స్థలపురాణము, ఉత్సవ క్రమము, దాతల నామావళి ఉండుట ఆచారము. వాటి నడుమ ఇంజినీరింగు ప్రసంగమునకు చోటేమని కొందరికి తోచవచ్చును. జీర్ణోద్ధరణ అను మాటలోనే దానికి సమాధానమున్నది. ఆపద జాడను ముందుగా కనిపెట్టుట, అది వచ్చినపుడు నష్టము తగ్గునట్లు కట్టుట, వచ్చి పోయిన పిదప మునుపటికంటె దృఢముగా నిలుపుట - నేటి శాస్త్రజ్ఞులు విపత్తు ముప్పు తగ్గింపు అని పిలుచు విద్యకు సారము ఇదియే. 2015లో జపాను దేశమునందలి సెండాయ్ నగరమున ప్రపంచ దేశములు చేసికొన్న ఒప్పందములో ఈ మూడు భావములును ఉన్నవి. 2019లో మన దేశపు చొరవతో, విపత్తులను తట్టుకొను మౌలిక వసతుల కొరకు ఒక అంతర్జాతీయ కూటమియు ఏర్పడినది. ఈ విషయముపై పరిశోధన చేయు సివిల్ ఇంజినీరింగు విద్యార్థులు నేడు ప్రాచీనాలయములకు కొలబద్దలతో వచ్చుచున్నారు. వారికి ఆలయము ఏమి చెప్పగలదో, ఏమి చెప్పజాలదో విన్నవించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

భూపరీక్ష

ఆరవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో వాస్తువిద్యను వివరించుచు నేలను పరీక్షించు విధము చెప్పినాడు. మూరెడు గుంట త్రవ్వి, ఆ మట్టినే తిరిగి అందులో పూడ్చవలెను. మట్టి మిగిలినచో ఉత్తమము, సరిపోయినచో మధ్యమము, చాలకపోయినచో ఆ నేల విడువదగినది. మరియొక పరీక్షలో గుంటను నీటితో నింపి, నూరడుగులు నడచి తిరిగి వచ్చి చూడవలెను. నీరు తగ్గనిచో నేల మేలైనది.

ఇందలి యుక్తి సులభముగా బోధపడును. గట్టిగా కూరుకొని ఉన్న మట్టి త్రవ్వినంతనే పొంగును, తిరిగి గుంటలో ఇమడదు. వదులు మట్టి పూడ్చినపుడు అణగును, గుంట నిండదు. నేడు ప్రయోగశాలలో మట్టి సాంద్రత అనియు, నీరు ఇంకు వేగమనియు కొలుచునవి ఈ రెండే. అయితే వరాహమిహిరుని గుంట మూరెడు లోతుది. నేటి బోరు పరీక్ష అనేక అడుగుల లోతున ఉన్న పొరలను చూపును. కనుక పాత పరీక్షతో సరిపెట్టుకొనవలెనని ఎవరును చెప్పరాదు. నేలను అడుగక కట్టరాదు అను నియమము మాత్రము పాతదియు, నేటికిని చెల్లునదియు.

ఇసుక పునాది

కాకతీయ రుద్రదేవుడు 1163లో హనుమకొండయందు వేయిస్తంభముల ఆలయమును నిర్మింపజేసినాడు. దాని ఎదుటి కళ్యాణమండపము కాలక్రమమున కుంగి ఒరిగినందున, ఈ శతాబ్దపు తొలి దశకమున రాళ్లకు సంఖ్యలు వేసి దానిని విప్పినారు. పునర్నిర్మాణము పూర్తియై 2024లో మండపము తిరిగి భక్తులకు అందినది. అది విప్పినపుడు పునాదిలోని ఇసుక పొర అందరి కంటబడినది. త్రవ్విన గోతిని ఇసుకతో నింపి, దానిపై రాతి కట్టడమును నిలుపుట కాకతీయ స్థపతుల పద్ధతి.

నాలుగు ప్రక్కల కదలకుండ బంధించిన ఇసుక పై బరువుకు అణగిపోదు, బరువును సమముగా క్రిందికి పంచును. నేల కంపించినపుడు రేణువులు ఒకదానితో ఒకటి ఒరసికొని కొంత శక్తిని తమలోనే హరించుకొనుననియు, అందువలన పైకట్టడమునకు చేరు కుదుపు తగ్గుననియు పరిశీలకుల అభిప్రాయము.

ఇచట విద్యార్థులకు ఒక హెచ్చరిక అవసరము. ఇసుక ఎల్లయెడల రక్షకము కాదు. 2001 జనవరి 26న గుజరాతులోని భుజ్ ప్రాంతమున భూకంపము వచ్చినపుడు, కచ్ఛ మైదానములలో నీటితో తడిసిన వదులు ఇసుక ద్రవమువలె మారి నేలలోనుండి పైకి చిమ్మినది. అట్టి నేలపై నున్న కట్టడము పడవవలె ఒరుగును. ఒకచోట బలమైనది మరియొకచోట ప్రమాదమగుటకు కారణము బంధనము, కూర్పు, తేమ అనునవి. పూర్వులు ఇసుక వాడినారని మనమును వాడుట పాండిత్యము కాదు. ఎట్లు బంధించి వాడినారో తెలిసికొనుటయే పాండిత్యము.

పైన తేలిక, క్రింద దృఢము

పాలంపేటలోని రామప్ప దేవాలయమును గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించినట్లు శాసనము చెప్పుచున్నది. 2021 జూలైలో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ఆ ఆలయ విమానము నీటిపై తేలునంతటి తేలికైన, సచ్ఛిద్రమైన ఇటుకలతో కట్టబడినది. శిల్పసౌందర్యమును చూచి మురియు యాత్రికులు ఈ ఇటుకను అంతగా గమనింపరు. భూకంపమున కట్టడముపై పడు బలము దాని బరువును బట్టి ఉండును. ఎత్తున బరువు తగ్గినకొలది క్రింది గోడలకు కష్టము తగ్గును.

దీనికి విరుద్ధమైన దృష్టాంతము 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతమున కనబడినది. అచటి గ్రామములలో మట్టితో పేర్చిన దళసరి రాతిగోడలు, వాటిపై చెక్కలు పరచి మందముగా మట్టి కప్పిన మిద్దెలు ఉండెడివి. ఎండకు చల్లన, వానకు భద్రము. కాని తెల్లవారుజామున భూమి కంపించినంతనే ఆ బరువంతయు నిద్రించువారిపై పడి వేలమంది ప్రాణములు కోల్పోయినారు. అందులకే నేటి ప్రమాణములు కిటికీల పైమట్టమున గోడల చుట్టును ఎడతెగని కాంక్రీటు పట్టీ వేయవలెనని విధించుచున్నవి. గోడలన్నియు ఒకదానినొకటి పట్టుకొని నిలుచుటకు అది మొలత్రాడు వంటిది.

రామప్పను చూచినవారు దాని ప్రక్కనే శిథిలమైన కామేశ్వరాలయమును కూడ చూడవలెను. నేల అదియే, కాలమును ఇంచుమించు అదియే. ఒకటి నిలిచినది, ఒకటి కూలినది. నిలిచినవానిని మాత్రమే లెక్కించి పూర్వులు కట్టినదంతయు శాశ్వతమనుకొనుట భక్తి కావచ్చునేమో కాని చరిత్ర కాదు. పరిశోధకునకు కూలినదియు గురువే.

నీటికి దారి

కాకతీయులు ఆలయముతో పాటు చెరువును, ఊరిని కలిపి సంకల్పించినారు. రామప్ప చెరువు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. ఎగువ చెరువు నిండి అలుగు పారగా దిగువ చెరువు నిండును. ఈ గొలుసు వరదను అంచెలంచెలుగా పట్టి ఉంచును. గొలుసులో ఒక కట్ట తెగినను, ఒక వాగు దారి మూసికొన్నను ఆ భారము దిగువవారిపై పడును. 2024 సెప్టెంబరు తొలి దినములలో బుడమేరు గట్లకు గండ్లు పడి విజయవాడలోని అనేక పేటలు దినముల తరబడి నీట నానినవి. నీరు తన పాతదారిని మరువదు. మరచినవారము మనమే.

భద్రాచలమున గోదావరి మట్టము 43 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ఇచ్చెదరు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు లేచినది. ఈ అంకెలు అచటి పసిపిల్లలకును తెలియును. ప్రజల నోట నిలిచిన కొలత గొప్ప రక్షణ.

మన ఆలయపు పనులలోనూ ఇట్టి ప్రశ్నయే ఎదురైనది. ప్రాకారపు నేలను అడుగు ఎత్తు లేపి, కాంక్రీటు పోసి, నున్నని గ్రానైటు పరచవలెనని దాతలు సంకల్పించినారు. ఆ సమయమున పరిశోధనకై వచ్చిన కొందరు సివిల్ విద్యార్థులు మట్టములు కొలిచినారు. నేల లేచినచో ఈశాన్యమున ఉన్న తూము నోరు మూసికొని, వాననీరు గర్భాలయపు అధిష్ఠానము వైపు మరలునని పటము గీచి చూపినారు. పునాది చుట్టును నీరు నిలిచినచో ఎంతటి రాయియైనను కుంగక తప్పదు. ధర్మకర్తలు, దాతలు, స్థపతి కూర్చుండి రెండు దినములు చర్చించినారు. తుదకు పాత మట్టముననే, ఈశాన్యమునకు వాలుండునట్లు, ఇసుక సున్నముల పరుపుపై రాతిపలకలు పరచినారు. పూడిన తూమును త్రవ్వించి తెరిపించినారు. మీరు ప్రదక్షిణము చేయునపుడు పాదములకు తగులు ఆ కొద్దిపాటి వాలు పనివారి లోపము కాదు, ఆలయమునకు రక్ష.

పన్నెండేండ్ల కన్ను

మూలమూర్తిని పీఠముతో బంధించు అష్టబంధనమును పండ్రెండేండ్లకొకసారి నూతనపరచి కుంభాభిషేకము జరుపుట అనేక ఆలయముల సంప్రదాయము. బాలాలయమున స్వామిని వేంచేపు చేసి, విమానమునకు పరంజా కట్టి, పగులు చూచి, మొలచిన రావి మొక్కను వేరుతో పెరికి, సున్నము పూయుదురు. దీనిని పూజావిధిగానే మనము ఎరుగుదుము. ఇంజినీరు దృష్టిలో ఇది నియత కాలపు తనిఖీ. దైవకార్యముగా విధించుట వలన ఒక తరము మరచినను మరుసటి తరము దానిని చేయక తప్పలేదు.

శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురము దాదాపు ఐదు వందల సంవత్సరములు నిలిచి, 2010 మే 26 రాత్రి కూలినది. అంతకుముందే పగులు పెరుగుచుండుట గమనించి పరిసరములనుండి జనులను తొలగించినందున ప్రాణనష్టము తప్పినది. నూతన గోపురము 2017లో ప్రతిష్ఠితమైనది. గోపురము పోయినదని శోకించినవారమే, మనుష్యులు దక్కినారని కూడ స్మరింపవలెను. పగులును చూచుట ఒక విద్య. చూచినదానిని నమ్మి జనులను కదలించుట మరియొక విద్య. రెండవది లేనిదే మొదటిది నిష్ఫలము.

దివిసీమ నేర్పినది

1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడినది. సుమారు ఐదు మీటర్ల ఎత్తున సముద్రము ఊళ్లలోనికి వచ్చినది. ప్రభుత్వపు లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది మరణించినారు. ఆ పిదప తీరమున తుపాను రక్షిత భవనములు లేచినవి. వాటిలో అనేకము స్తంభములపై నిలిపినవి. క్రింది అంతస్తు తెరచి ఉండుటచే ఉప్పెన నీరు గోడలను కొట్టక స్తంభముల నడుమనుండి సాగిపోవును. 1990 మే నెలలో అంతటి ప్రచండమైన తుపాను ఆంధ్ర తీరమును తాకినపుడు లక్షల మందిని ముందుగా తరలించినారు. మృతుల సంఖ్య సుమారు వేయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ నగరమును అతలాకుతలము చేసినను ప్రాణనష్టము పదులలోనే ఆగినది. గాలి బలము తగ్గి కాదు, హెచ్చరిక ముందుగా చేరి, దానిని జనులు విని, చేరుటకు దృఢమైన కప్పు ఒకటి ఉన్నందున ఇంతటి భేదము కలిగినది.

విద్యార్థులకు ఒక మాట

నాయనలారా, అమ్మలారా! మీరు ఆలయమునకు వచ్చి కొలుచునది రాతిని మాత్రమే కాదు. దానిని కనిపెట్టి ఉన్నవారి తరములను కూడ కొలుచుచున్నారు. స్థపతిని, పూడిక తీయు కూలివానిని, దివ్వె పట్టుకొని ప్రతి సంధ్యకు గోడల నడుమ తిరుగు అర్చకుని అడుగుడు. ఏ రాతినుండి నీరు ఊరునో, ఏ వానకు ఏ మూల తడియునో వారికి తెలియును. అది వ్రాసిన గ్రంథము లేదు. మీ కొలతలు, వారి ఎరుక ఒకే పుటపై చేరిననాడు ఆ గ్రంథము పుట్టును. అట్లే మీరు రేపు కట్టబోవు వంతెనకు, పాఠశాలకు, ఆసుపత్రికి కూడ ఒక కుంభాభిషేక దినమును నిర్ణయించి పెట్టుడు. ప్రారంభోత్సవపు శిలాఫలకముపై కట్టిన తేదీని అందరును చెక్కింతురు. మరల పరీక్షింపవలసిన తేదీని దాని క్రిందనే చెక్కించినచో ఆ కట్టడమును నమ్ముకొన్నవారికి మేలగును.

ఆ విద్యార్థులు మన ఉత్తర ప్రాకారపు గోడలోని పగులుకు అడ్డముగా పలుచని గాజుపట్టీలు అంటించి, ప్రతిదాని ప్రక్కన తేదీ వ్రాసినారు. గోడ కదలినచో గాజు పగులును. వాటిని ప్రతి పౌర్ణమికి చూచి వ్రాయుటకు ఆలయ కార్యాలయమున ఒక పుస్తకము ఉంచబడినది. దర్శనమునకు వచ్చిన మీరును దానిని చూడవచ్చును, గాజు పగిలినట్లు కంటబడినచో వెంటనే చెప్పవచ్చును. పండ్రెండేండ్ల పిమ్మట ఈ క్షేత్రమున కుంభాభిషేకము జరుపువారు ఎవరైనను, పరంజా కట్టుటకు ముందు ఆ పుస్తకమును తెరచి చదువుదురు గాక!

శుభం భూయాత్.