శోధన పదాలు, గ్రంథ సేకరణలు: ఒక చారిత్రక పరిశీలన

ఒక పుస్తకంలో విషయాలు ఎన్ని ఉన్నా అరలో దానికి దక్కే చోటు ఒక్కటే కావడం గ్రంథాలయాలకు ఆది నుంచీ ఉన్న చిక్కు. 1876లో మెల్విల్ డ్యూయీ అమెరికాలో దశాంశ వర్గీకరణను ప్రకటించి అరల వరుసను అంకెలతో స్థిరపరచగా, అదే ఏట చార్లెస్ అమ్మి కట్టర్ నిఘంటు క్రమంలో సాగే గ్రంథసూచికకు నియమావళి కూర్చి, పుస్తకం ఏ అరలో ఉన్నా దాని విషయాన్ని తెలిపే పేరు కింద పాఠకుడికి దొరికి తీరాలన్నాడు. విషయ శీర్షిక, అంటే ఒక విషయానికి గ్రంథాలయం ఖాయపరచుకునే ఏకైక నామం, ఆ నియమావళితో బలపడింది. ఇక 1933లో వెలువడిన ఎస్.ఆర్. రంగనాథన్ ద్విబిందు వర్గీకరణ విషయాన్ని ముఖాలుగా విడదీసింది; తరువాతి ముద్రణల్లో ఆ ముఖాలు వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, దేశం, కాలంగా స్థిరపడ్డాయి. నేడు తెర మీద భాష, కాలం, రచయిత వంటి గళ్లను ఎంచుకుంటూ ఫలితాలను కుదించుకునే పద్ధతికి పూర్వరూపం అదే.

అసలు మలుపు 1950ల్లో మార్టిమర్ టాబ్ రూపొందించిన ఏకపద సూచికతో వచ్చింది. ఒక్కో పదానికి ఒక్కో కార్డు కేటాయించి, ఆ పదం వర్తించే పత్రాల సంఖ్యలను వాటి చివరి అంకెను బట్టి పది నిలువు వరుసల్లో రాసేవారు. వెతికే వ్యక్తి రెండు కార్డులను పక్కపక్కన పెట్టుకుని, రెండింటిలోనూ ఉన్న సంఖ్యలను ఏరుకునేవాడు. ముందుగా ఎవరూ కట్టిపెట్టని సేకరణ అడిగిన క్షణాన ఏర్పడేది. అయితే పదాల మధ్య సంబంధం కార్డుకు తెలియదు కనుక, పాఠశాల, గ్రంథాలయం అన్న రెండు పదాలు కలిస్తే పాఠశాలల్లోని గ్రంథాలయాలతో పాటు గ్రంథాలయ శాస్త్రం బోధించే పాఠశాలలూ వచ్చి పడేవి.

పదాలను క్రమబద్ధం చేయడంలో మరో అడుగు వేసింది అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం. 1960లో ప్రకటించిన వైద్య విషయ శీర్షికల పట్టికలో పర్యాయపదాలను ఒకే శీర్షికకు మళ్లించారు. తరువాత శీర్షికలను శాఖోపశాఖలుగా అమర్చడంతో, పెద్ద విషయాన్ని అడిగితే దాని కింది చిన్న విషయాలూ కలిసి వచ్చే వీలు కలిగింది. 1964లో మెడ్లార్స్ పేరిట ఈ వెతుకులాట కంప్యూటర్ మీదికి చేరింది. ఆ వెతుకులాటకు నేటి రూపమైన పబ్‌మెడ్‌లో క్యాన్సర్ వంటి విషయ విభాగం నిజానికి భద్రపరచిన ఒక శోధన సూత్రమే. కొత్త వ్యాసం ఆ సూత్రానికి సరిపోతే ఎవరూ చేర్చకుండానే విభాగంలో చేరుతుంది. అంతకుముందే, 1991లో, మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన డేవిడ్ గిఫర్డ్ బృందం ఈ భావాన్నే కంప్యూటర్ ఫోల్డర్లకు వర్తింపజేసింది. క్యాలిబర్ అనే పుస్తక నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లోని వర్చువల్ గ్రంథాలయాలూ ఆ కోవలోవే.

ఇంత సౌకర్యమూ పుస్తకానికి పెట్టిన మాటల మీదే ఆధారపడి ఉంది. తెలుగువాడైన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి నడిపించిన పది లక్షల పుస్తకాల పథకంలోనూ, దానితో ముడిపడిన భారత డిజిటల్ గ్రంథాలయంలోనూ వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి గాని, పేర్లు చాలావరకు రోమన్ లిపిలో, అదీ ఒక్క తీరున కాకుండా నమోదయ్యాయి. ‘భారతము’ అన్న పేరు ‘భా’కు ఒకచోట ఒక ‘ఏ’తో, మరోచోట రెండు ‘ఏ’లతో, ‘టీ’ పక్కన ‘హెచ్’ ఉండీ లేకుండానూ కనిపిస్తే, ఒక్క శోధనతో భారతాలన్నిటినీ ఒక సేకరణగా పోగుచేయడం కష్టం. విషయపు గడిలో ‘సాహిత్యం’ అని మాత్రమే రాసి ఉన్నచోట నవలనూ వ్యాకరణాన్నీ ఏ యంత్రమైనా ఒకే గాటన కట్టక తప్పదు. కాబట్టి కొత్త స్కాన్లకు పూనుకునే సంస్థలు, ఉన్న పుస్తకాల పేర్లను తెలుగు లిపిలో సరిచేసి, రచయితల పేర్లకూ విషయ శీర్షికలకూ అందరూ పాటించే ఒక ప్రామాణిక పట్టికను ముందుగా తయారు చేయాలి.