మారిషస్‌లో వంశమూలాల అన్వేషణ

మారిషస్ నుంచి బ్రిటన్, ఫ్రాన్స్, ఆస్ట్రేలియాలకు వలసపోయిన కుటుంబాల వారు పూర్వికుల దీవికి వచ్చి, బంధువులను కలిసి, వంశచరిత్రను కూర్చుకునే ప్రయత్నం ఇది. 1834 తర్వాత దాదాపు ఐదు లక్షల మంది భారతీయ ఒప్పంద కూలీలు పోర్ట్ లూయీ రేవులో దిగారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. వాళ్లు కాలుమోపిన ఆప్రవాసీ ఘాట్‌ను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. నాటి వలస రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి.

ఈ అన్వేషణలో పేరు కన్నా రిజిస్టర్లలోని నంబరే గట్టి ఆధారం. గుమాస్తాలు తమకు వినిపించినట్టు పేర్లు రాసుకున్నారు. తాత పేరే మనవలకు ఇంటిపేరైన కుటుంబాలు ఎన్నో. కాబట్టి ఒకే పేరు పదిచోట్ల తగులుతుంది. ప్రతి కూలీకి ఇచ్చిన నంబరు మాత్రం ఒక్కరిదే. దాని ఎదుట ఓడ, వయసు, తండ్రి పేరు, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటిమీది మచ్చ సైతం కనిపిస్తాయి. మనిషిని అంకెగా మార్చిన పాలన గుర్తును వంశానికి పునాది చేయడం తగదని కొందరి అభ్యంతరం. ఆ బాధ న్యాయమైనదే. అయితే అక్షరం రాని కూలీ ఊరిపేరును ఆ దస్త్రమే నిలబెట్టింది. దాన్ని వదులుకుంటే నష్టపోయేది వారసులే. రిజిస్టరు ఉండగా బంధువులెందుకన్నది మరో ప్రశ్న. ఆ నంబరున్న పాత పెళ్లి పత్రం తరచూ ఏ పెద్దమ్మ పెట్టెలోనో ఉంటుంది. ఏ చెరకు తోటలో ఎవరు బతికారో, ఎవరు ఎవరికి ఏమవుతారో ఆమే చెప్పాలి. అందుకే దస్త్రాల గదికన్నా ముందు బంధువుల గడప తొక్కడమే సరైన క్రమం.